అక్క బరువు

అనగనగా అని ఒకరు మొదలుపెడితే ఊఁ అని ఇంకొకరు కొట్టినంత కాలం నిలిచి ఉండే ఊళ్ళలో అదొక ఊరు. ఆ ఊళ్ళో, మెట్లు బయటికి ఉన్న ఒక మేడ పై వాటాలో, ఒక చిత్రకారుడూ ఆయన అక్కా ఉండేవారు. తెల్లవారగానే అక్క కిటికీ రెక్కలు తెరిచి, కుంచెలను సబ్బుతో కడిగి, గుడ్డమీద వరుసగా ఆరబెట్టేది. తరువాత పలకమీద పొడి రంగు పోసి, చుక్క చుక్కగా నూనె వేస్తూ, గుండ్రాయితో నూరేది. రంగు వెన్నలా సాగేదాకా ఆమె చేయి ఆగేది కాదు. తమ్ముడు నిద్రలేచి వచ్చి, ఆ రంగును వేలితో తాకి చూసి, ఏమీ అనకుండా ఆవలించేవాడు. ఏమీ అనలేదంటే బాగుందని అర్థం. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంతకు మించి ఖర్చయ్యేది కాదు.

ఊరివాళ్ళు ఆయనను ఉన్నదున్నట్టాయన అనేవారు. ముక్కుమీద మచ్చ ఉంటే మచ్చ, గోడకు బీట ఉంటే బీట. ఎంత పెద్దమనిషి వచ్చి బతిమాలినా ఆయన ఒక్క నెరసిన వెంట్రుకను నల్లబరచలేదు. “కంటికి కనబడనిది నా పటంలో ఉండదు” అన్నది ఆయన మాట. దేవుణ్ణి గీయమని వచ్చినవారిని, ముందు ఆ దేవుణ్ణి తీసుకువచ్చి ఎదురుగా కూర్చోబెట్టండని చెప్పి పంపేవాడు.

అంత నిజంగా గీయడం వల్లనే కాబోలు, ఆయన పటంలోకి రూపంతోబాటు బరువు కూడా కొంత వెళ్ళేది. అది అందరూ ఎరిగిన సంగతే. బీరువాను గీస్తే ఆ పటాన్ని నలుగురు పట్టి దించవలసివచ్చేది. బీరువాను మాత్రం ఆ ఇంటి ఇల్లాలు ఒంటిచేత్తో జరిపి ఊడ్చుకునేది. గుండె బరువెక్కినవాళ్ళు ఒక పూట ఆయన ఎదుట కూర్చుని, తేలికపడి, మెట్లు గెంతుకుంటూ దిగిపోయేవారు. మేడ యజమాని మాత్రం, తన గోడలకు మేకులు ఆగడం లేదని గొణుక్కునేవాడు.

అక్క సంగతి వేరు. పేరు రాకముందు, మరొకరిని పిలిచి కూర్చోబెట్టుకునే స్తోమత లేక ఆయన అక్కనే గీశాడు. పేరు వచ్చాక, ఆ పేరు అక్క ముఖంతోనే వచ్చింది కనుక మళ్ళీ అక్కనే గీశాడు. కిటికీ దగ్గర అక్క, దీపం తుడుస్తూ అక్క, ఊరికే కూర్చున్న అక్క. పటం పటానికీ ఆమె తరిగిపోయింది. మొదట్లో మెట్లు దిగితే చప్పుడయ్యేది కాదు. తరువాత చెప్పుల అట్టల మధ్య ఇసుక కుట్టించుకుంది. ఇప్పుడు ఒడిలో ఆ గుండ్రాయి లేకుండా కూర్చుంటే, మెల్లగా కుర్చీలోంచి లేచి, పైకప్పు దూలం దగ్గర ఆగేది. లేచినందుకు అక్కడి బూజు దులిపి మరీ దిగేది. కింది వాటా ఆవిడ “ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, మిద్దెమీదికి వెళ్ళకండి అక్కగారూ” అని కేకవేసేది. వాన వస్తోంది బట్టలు తీసుకోండి అన్నంత మామూలుగా ఉండేది ఆ మాట.

గాలులు మొదలైన రోజులలోనే ప్రదర్శనశాల యజమాని వచ్చాడు. కొత్త మందిరం కట్టించాడట. నడిమి గోడను అక్కగారి నిలువెత్తు పటం కోసం ఖాళీగా ఉంచాడట. తలెత్తి, దూలం దగ్గరున్న అక్కకు నమస్కారం పెట్టి, ఇంకొక్క పటానికి సరిపోతారా అని మొహమాటంగా అడిగాడు.

“నాదేముంది బాబూ” అన్నది అక్క పైనుంచి. “వాడు గీస్తానంటే నేనెప్పుడు కాదన్నాను?”

యజమాని వెళ్ళాక తమ్ముడు అన్నం కంచం పక్కకు జరిపాడు. ఈ పటంతో అక్కలో బరువన్నది మిగలదని ఆయనకు తెలుసు. ఆ పైన కిటికీ దాటితే అడ్డుకునే దూలం ఏదీ ఉండదు. అయితే ఇంతటి పటం తన చేతిమీదుగా మళ్ళీ రాదని కూడా తెలుసు. తెలిసి తెలిసీ చట్రానికి గుడ్డ బిగించాడు.

మరునాడు అక్క వచ్చి కూర్చుంది, ఒడిలో గుండ్రాయితో.

“రాయి పక్కన పెట్టక్కా” అన్నాడాయన, బొగ్గు చేతిలోకి తీసుకుంటూ. “చీర ముడత పడుతోంది.”

అక్క ఒక్క క్షణం తమ్ముడి ముఖంలోకి చూసి, రాయి కింద పెట్టింది. అప్పుడే గాలి వచ్చింది. ఆమె కుర్చీలోంచి లేచి, గదికి అడ్డంగా తేలి, కిటికీలోంచి నడుము దాకా బయటికి వెళ్ళి, కిటికీ చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తెరలాగ ఆడసాగింది.

“రాయి, తమ్ముడూ” అన్నది. “రాయి.”

ఆయన గుండ్రాయిని అందుకుని పరుగెత్తాడు.

“ఆ రాయి కాదురా. రాయి.”

పెద్దవాళ్ళు బొమ్మ గీయడాన్ని బొమ్మ రాయడం అనేవారు. అక్కదీ ఆ పాత నోరే. ఆయన బొగ్గును వీపు వెనక్కి దాచుకున్నాడు. “గీస్తే నువ్వు మిగలవక్కా.”

“బొమ్మ రాయమన్నానా? నిన్ను బడికి పంపి చదివించాను కదరా. అక్షరాలు రాయి.”

“ఏమని రాయను?”

“నువ్వు గీయడానికి పిలిచిన ప్రతిసారీ నేను మొహం కడుక్కుని వచ్చేదాన్ని. ఎందుకు కడుక్కునేదాన్నో రాయి.”

ఆయన గోడవైపు తిరిగాడు. గోడ నిండా అక్క. పటం పటంలోనూ చెవి దగ్గర తడిసి అంటుకున్న వెంట్రుకలు, చెంప అంచున ఆరీ ఆరని నీటి చుక్క. ప్రతి చుక్కనూ ఆయన ఉన్నది ఉన్నట్టు గీశాడు. చూసినవాళ్ళు ఆ చుక్కలనే పొగిడారు. అవి ఎక్కడివని ఎవరూ అడగలేదు, ఆయన కూడా.

“ఎందుకక్కా?” అన్నాడు.

అక్క గాలిలో ఆడుతూనే చెప్పింది. వెనుకటికి ఒక గడియారాలు బాగుచేసే ఆయన, నిక్షేపంగా నడుస్తున్న ఆ ఇంటి గోడగడియారాన్ని చూడడానికి ఊరికే వస్తూ ఉండేవాడట.

“జబ్బు గడియారానికి కాదురా, ఆయనకు” అని నవ్వింది. ఇక రావద్దని తానే చెప్పి పంపేసిందట. తమ్ముడికి రంగులు నూరేదెవరు? ఆ తరువాత చాటుగా ఏడ్చేదట. “నువ్వు పైకి రావాలనుకున్నాను. చివరికి పైకి వచ్చింది నేను.”

బొమ్మకోసం బిగించిన గుడ్డమీదనే ఆయన బొగ్గుతో రాసుకుంటూ పోయాడు. తనకు కనబడనివన్నీ అడిగాడు, అడిగినవన్నీ రాశాడు. పంక్తి పంక్తికీ అక్క పాదాలు కిందికి వాలాయి. ముందు వేళ్ళు ఆనాయి, ఆ తరువాత మడమలు. ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంటే, ఎంతో కాలానికి ఆ కుర్చీ కిర్రుమంది. ఆయన బొగ్గు చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. అక్క ఆ ముఖాన్ని కడగలేదు, కడుక్కోమని చెప్పనూ లేదు.

ప్రదర్శనశాల యజమాని సణుగుతూనే ఆ అక్షరాల గుడ్డను నడిమి గోడకు వేలాడదీశాడు. ఒక్క మేకే సరిపోయింది. చదివినవాళ్ళు నెమ్మదిగా, నేలను తొక్కుతున్నామన్న ఎరుకతో, ఇళ్ళకు నడిచి వెళ్ళారు. తమ్ముడు మళ్ళీ కుంచె ముట్టలేదు, రాస్తూ బతికాడు. ఆయన చిన్న చిన్న పుస్తకాలను లోకం ఆధ్యాత్మిక గ్రంథాలన్నది. తాను ఇప్పటికీ ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాననీ, ఉన్నదంతా కంటికి కనబడదని మాత్రం ఆలస్యంగా తెలిసిందనీ ఆయన అనేవాడు. దేవుడి మాట ఎత్తినవారితో, “ఎదురుగానే కూర్చుని ఉన్నాడేమో, మొహం కడుక్కుని వచ్చాడేమో చూడండి” అనేవాడు.

అయితే పుస్తకాల కథ పుస్తకాలలోనే ఉంది. ఈ కథ ఆ గాలి రోజు సాయంత్రంతో ఆగుతుంది. అక్క చెప్పుల కుట్లు విప్పి, ఇసుక దులిపేసి, మెట్లు దిగింది. మెట్టు మెట్టుకూ చప్పుడైంది. తమ్ముడు పైనుంచి ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు. వీధి చివర దుకాణంలో తల నెరసిన మనిషి, కంటికి భూతద్దం పెట్టుకుని, ఏదో గడియారం పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. నీడ పడితే, తలెత్తకుండానే, ఆగిపోయిందా అండీ అని అడిగాడు.

“లేదండీ, బాగానే నడుస్తోంది” అన్నది అక్క. “ఒకసారి వచ్చి చూసిపోతారేమోనని.”

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ, ఆ మేడ కింది వాటాలో పుట్టి పెరిగిన మనిషి.