ఎడమ పక్క పీట

ఆయన కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, సంచిలో హెడ్‌ఫోన్స్ డబ్బా ఉందో లేదో మూడోసారి తడిమి చూసుకున్నాడు. కుర్చీకి ఎడమ పక్కన, ఎప్పటి చోటే, పీట మీద కూర్చుని భార్య బీన్స్ పీచు తీస్తోంది. తల ఎత్తకుండానే ఏదో అంది. కుడి వైపు కిటికీలోంచి లారీల మోత. ఆయన ధ్యాసంతా డబ్బా మీదే.

అది చేతికి తగిలాక "ఊఁ," అన్నాడు తనలో తాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆయన అదీ చూడలేదు, చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

ఎవరేమన్నా తలూపి ఊఁ అనేస్తాడని మేకుల ఫ్యాక్టరీలో ఆయనకు ఊఁ బాబాయ్ అని పేరు. ఇరవై ఆరేళ్లుగా ఒకటే మిషను, ఎడమ భుజానికి జానెడు దూరంలో. తీగ లోపలికి పోతుంది, దెబ్బ పడుతుంది, తలకాయతో సహా మేకు రాలుతుంది. చెవుల్లో దూది పెట్టుకోమని సూపర్‌వైజరు చెప్పినప్పుడూ ఊఁ అనే అన్నాడు. పెట్టుకున్నది మాత్రం లేదు.

ఆయన దిగులు వేరు. గలగలా మాట్లాడే మనిషి, ఏడాదిగా భార్య నోరు మూతపడింది. అలిగిందనుకున్నాడు. అలక తీరితే తనే పలుకుతుందిలే అని బిగుసుకు కూర్చున్నాడు. మహా మొండిఘటం! చివరికి ఆ నిశ్శబ్దానికి ఇంట్లో ఊపిరాడక, పాత పాటలైనా తోడుంటాయని హెడ్‌ఫోన్స్ వేటలో పడ్డాడు. మొదటివి కణతలు నొక్కేశాయి. చెవిలో దూర్చుకునేవి బస్సు కుదుపుకే జారిపోయాయి. మెత్తటి దిండ్లున్న ఈ మూడోవి హాయిగా ఉన్నాయి గానీ, ఎడమ వైపు మోగదు.

షిఫ్టు దిగి నేరుగా దుకాణానికి వెళ్లాడు. కౌంటరు అమ్మాయి తను పెట్టుకుని చూసింది.

"రెండు పక్కలా మోగుతోందిగా బాబాయ్?"

కొత్త డబ్బా విప్పి ఇచ్చింది. అదీ అంతే.

"లోకంలో ఉన్న పాడైనవన్నీ నాకే అంటగడతారేంటమ్మా?"

ఆ అమ్మాయి నవ్వి, హెడ్‌ఫోన్స్ కుడీ ఎడమా మార్చి ఆయన తలకు తొడిగింది. "ఇప్పుడు ఎటు వినిపిస్తోంది?"

"కుడి పక్కే."

మళ్లీ మార్చింది. మళ్లీ కుడి పక్కే. ఆమె నవ్వు ఆగింది. కౌంటరు చుట్టూ తిరిగి ఆయన కుడి వైపుకు వచ్చింది.

"వీటిలో లోపమేం లేదు బాబాయ్. ఒకసారి చెవి డాక్టరుకి చూపించుకోండి."

ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే కళ్ల ముందు పీట మెదిలింది. ఎడమ పక్క పీట. అంటే అలక కాదు! ఇన్నాళ్లూ ఆమె మాట్లాడుతూనే ఉందన్నమాట. చెవి పోయిందన్న బాధ కన్నా ఆ సంతోషమే ఎక్కువైంది. ఈ సంగతి చెబితే ఆమె తిట్టి, ఆ పైన నవ్వుతుంది. డబ్బా చంకన పెట్టుకుని, బస్సు కోసం ఆగకుండా నడిచేశాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ తాళంచెవి తెచ్చిచ్చింది. ఆయన కుడి చెవి ఆవిడ వైపు తిప్పాడు.

"మధ్యాహ్నం బస్సుకి వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోయింది అన్నయ్యగారూ. మీకు చెప్పానంది."

"ఏం చెప్పిందమ్మా?"

"ఏడాదిగా ఎంత మాట్లాడినా పలకడంలేదు, నేనిక్కడ ఎందుకు, వెళ్లిపోనా అని పొద్దున అడిగిందట. మీరు ఊఁ అన్నారట."

లోపలికి వెళ్లి భార్య నంబరు నొక్కి ఫోను కుడి చెవికి ఆనించుకున్నాడు. రింగు పోతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ అంతే. వంగి పీటను రెండు చేతులా ఎత్తి, కుర్చీకి కుడి పక్కన పెట్టి, తను కుర్చీలో కూర్చున్నాడు. పీట మీద పొద్దుటి బీన్స్ పీచు ఒకటి, వాడిపోయి, ఇంకా అంటుకునే ఉంది.