కంటిపొర సొంతదారు

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. కావాలంటే ఒట్టు వేస్తాను, ఒట్లకేం కరువా.

తాళాలు బాగుచేసే తాత కుడికంటికి, చనిపోయిన ఒకావిడ కార్నియా లోపలి పొరను అతికించారు. ఉల్లిపొర దాని ముందు గోనెపట్టా. అది ఊడకుండా కంట్లో గాలిబుడగ పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. బుడగ కరిగింది, చూపొచ్చింది. చూపుతోపాటే, పొర నిలవడానికి రోజూ వేసుకోవాల్సిన చుక్కల మందు మీద బద్ధకమూ వచ్చింది.

ఒకనాడు తెల్లవారి చూస్తే, మంచం కాళ్ల దగ్గర పొగమంచులో ఒకావిడ అటు తిరిగి నిలబడి ఉంది. టీ తాగేలోగా మంచు విడిపోయింది, ఆవిడా పోయింది. మర్నాడు టీ అయ్యాక కూడా కదల్లేదు. పోనుపోను మధ్యాహ్నం దాకా ఉండసాగింది.

ఎవరైనా మరిచిపోయిన తాళంచెవిని మేకుకు తగిలించి, సొంతదారు రాగానే మారుమాటాడకుండా ఇచ్చేయడం తాత దుకాణం పద్ధతి. మరి పొర సొంతదారే వచ్చి నిలబడితే మందు వేసుకుని దాచుకుంటాడా? మందు పూర్తిగా మానేశాడు. నిలబెట్టడం మర్యాద కాదని కుర్చీ కూడా వేశాడు.

"ఎవరికి మావయ్యా కుర్చీ?" అంది కోడలు.

"పొరావిడకి."

కోడలు నవ్వబోయి, ఎర్రబడ్డ ఆ కన్ను చూసి ఆగిపోయింది. ఆ పూటే ఆస్పత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ ఆ పొరకు తీసిన పాత ఫొటో చూపించింది. తేనెపట్టు గదుల్లా కణాలు. కంట్లో చేరే నీటిని తోడేసి చూపును తేటగా ఉంచేవి అవేనట. ఒళ్లు వాటిని పరాయివనుకుని మీద పడుతోందట, పొద్దుటి మసక అందుకేనట. పోయిన కణం మళ్లీ పుట్టదు, పక్కవే సాగి ఆ చోటు కప్పాలి.

"ఆవిడ వస్తువు ఆవిడకిచ్చేద్దామనుకున్నానమ్మా," అన్నాడు తాత.

"తీసుకోడానికి ఆవిడ లేదు పెద్దాయనా. ఆవిడ మీకిచ్చింది మాత్రం ఇంకా బతికే ఉంది. మందు మానితే దాన్నీ చంపేస్తారు."

తాత చుక్కల సీసాకు చెయ్యి చాచాడు. మేకుకున్న తాళంచెవిని తన చేతులతోనే విరవబోయాడన్నమాట.

గంటగంటకూ చుక్కలు పడ్డాయి. పోయిన కణాలు పోయాయి, ఉన్నవి సాగి సర్దుకున్నాయి. మంచు మధ్యాహ్నం నుంచి టీ దాకా, టీ నుంచి దుప్పటి తీసేదాకా వెనక్కి జరిగింది. ఆఖరి పొద్దున ఆవిడ తల కొంచెం ఇటు తిప్పింది. ముఖం కనబడేలోపే గది తేటపడింది.

మళ్లీ రాలేదు. కుర్చీని మాత్రం తాత తియ్యనివ్వడు. ఒక్కోరోజు లేచేసరికి అది కిటికీ వైపు తిరిగి ఉంటుంది.

ఒట్టన్నాను గానీ, కుర్చీ తిరగడం నా కల్పన. అది వేసిన చోటే ఉంది. దాని మీద దుమ్ము పడకపోవడం మాత్రం నేను కల్పించలేదు. కోడలినడిగాను, తను తుడవడం లేదంది.