రోజుకొక తప్పు

‘నూనె వేయగానే కొత్త బట్ట పెట్టి కుట్టండి’ అని టైపు చేసి, మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. ఆ తప్పు కావాలని రాసిందే.

కుట్టుమిషన్ల మరమ్మతు నేర్పే ఆన్‌లైన్ కోర్సుకు పాఠాలు కూర్చడం ఆయన ఉద్యోగం. బక్కపలచని మనిషి. మాట్లాడాల్సి వస్తే బొటనవేలితో బల్ల అంచు రుద్దుతాడు. పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా ఆయన గొంతు ఎలా ఉంటుందో ఆఫీసులో సగంమందికి తెలియదు. అలాంటివాడికి, ఒకరి మొహం ఒకరు ఎరగని మూడువందల మంది విద్యార్థులను కలిపే కిటుకు మాత్రం దొరికింది. రోజూ పాఠంలో ఒక తప్పు దాచేవాడు. దాన్ని వెతుకుతూ వాళ్ళలో కొందరు చర్చల పేజీలో తగవులాడుకునేవారు, ఆ తగవుల్లోనే చుట్టాలయ్యేవారు. సాయంత్రం తప్పు దిద్ది, పట్టుకున్నవారికి ఆ పేజీలోనే ఒక దండం బొమ్మ పెట్టేవాడు.

“పాఠాల్లో తప్పులేమిటి మాస్టారూ? పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు,” అంది కొత్తగా వచ్చిన మేనేజరు. “మాట్లాడేది ఎప్పుడూ ఆ పదిమందే. రేపటి నుంచి ఆ పేజీ మూసేద్దాం.”

“మిగతావాళ్ళు వింటున్నారమ్మా. ఈ ఒక్కరోజూ చూడండి,” అన్నాడు. ఆ పేజీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

మధ్యాహ్నం, రెండు నెలలుగా పెదవి విప్పని ఒకావిడ రాసింది: “ముందు పాత గుడ్డ మీద కుట్టాలి మాస్టారూ. నేను అలా చెయ్యక ఒకావిడ కొత్త జాకెట్టు నూనె మరకతో పాడుచేశాను.”

“మరక పోయిందా అక్కా?” అని ఎవరో అడిగారు.

“మరక పోలేదు. ఆవిడే పోయింది, వేరే టైలరు దగ్గరికి.”

ఇక చూడాలి ఆ సందడి! ఎన్నడూ నోరెత్తనివాళ్ళంతా మరకలకు మందులు చెప్పారు. మేనేజరు ఆయన వెనక నిలబడి చదువుతూ చదువుతూ నవ్వేసింది. “ఉండనివ్వండి మాస్టారూ. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను.”

ఆయన పాఠం దిద్దాడు. తప్పు పట్టిన ఆవిడకు దండం బొమ్మ పెట్టాడు. కాసేపు నడుం వాలుస్తానని వెనకగదిలోని బల్ల మీద పడుకున్నాడు. ఆఫీసు మూసే వేళకు లేపబోతే ఒళ్ళు చల్లబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన పేరుతో తెరిచే ఉన్న చర్చల పేజీలో ఆ కబురు రాసింది: ‘మాస్టారు నిన్న సాయంత్రం కన్నుమూశారు.’

నిమిషం తిరక్కుండా నిన్నటి జాకెట్టు ఆవిడ జవాబు వచ్చింది: “పట్టేశాను మాస్టారూ! ఇవాళ్టి తప్పు ఇదే కదా?”

వెనకే మరో ముగ్గురు అవునన్నారు. మేనేజరుకు ఏడుపు ఆగలేదు. ఆయన కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పక అలాగే నిలబడిపోయింది. కుర్చీలో పాత దిండు ఎడమ పక్కకు అణిగి, కుట్టు విడిన మూల నుంచి కాస్త దూది బయటికి వచ్చి ఉంది.