వెనక బెంచీలో లెక్కల మాస్టారు

ఎంత బాగా చెబితే పిల్లలకు అంత బాగా అర్థమవుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. తల్లిదండ్రులూ, పిల్లలూ, తనిఖీకి వచ్చే అధికారులూ, అందరూ దాన్ని రుజువు అడగకుండానే ఒప్పేసుకున్నారు. లెక్కల మాస్టారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన బతుకంతా దాని మీదే నిలబడి ఉంది.

ఆయన మొదలుపెడితే ముసురు పట్టినట్టే, గంట మోగేదాకా తెరిపి ఉండదు. ప్రశ్న ఆయనే వేసేవారు, పిల్లలు ఊపిరి తీసుకునేలోగా జవాబూ ఆయనే చెప్పేవారు, పైన ఒక హాస్యమాడి ముందుగా నవ్వేదీ ఆయనే. పిల్లలు ఆయనకు 'రేడియో' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. వింటున్నారు కాబట్టే కదా ఆ పేరు, అనుకుని ఊరుకున్నారు.

పిల్లలకు తెలియనిది ఒకటి ఉంది. రోజూ మొదటి పీరియడ్‌లో ఆయన గొంతు తుప్పుపట్టిన గడియలా కిర్రుమంటూ తెరుచుకునేది. సుద్దపొడి వల్ల అనుకునేవారు పిల్లలు. భార్య పోయాక ఇంట్లో ఆయనకు నోరు విప్పే పని లేకపోయింది. సాయంత్రం బడి గేటు దగ్గర ఆగిన మాట మర్నాడు పొద్దున క్లాసులోనే మళ్లీ మొదలయ్యేది. ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. రెండో దాని మీద ఉతికిన బట్టలు పడి ఉండేవి.

ఇది తెలిసిన మనిషి ఆయన మరదలు. భార్యకు చెల్లెలు, అదే బడిలో సైన్సు టీచరు. ఇద్దరి క్లాసు గదులకూ మధ్య ఉన్నది పలచటి గోడ.

"బావగారూ, ఒక మాటంటే కోప్పడరు కదా?" అంది ఒక రోజు స్టాఫ్ రూములో.

"కోప్పడతానని తెలిసే అడుగుతున్నావు. కానియ్."

"గోడ అవతల నుంచి ఏడాదిగా వింటున్నా. మీ పాఠాలు నాకు నోటికొచ్చేశాయి. మీ పిల్లల గొంతు మాత్రం ఒక్కసారీ వినబడలేదు. లోపల ఉన్నారా అసలు?"

"శ్రద్ధగా వింటున్నారమ్మా. నీ క్లాసు ఎప్పుడూ సంతలా ఉంటుంది, అందుకని నీకది వింతగా ఉంది."

"వినడం వేరు, ఆలోచించడం వేరు. మీరు కాస్త సందు ఇస్తే కదా వాళ్లు ఆలోచించేది!"

"రుజువేమిటి?"

"ఇదిగో, అక్క ఊరికే అనేదా? మీ బావకి నీళ్లు మరిగాయన్నా రుజువు చూపించాలే అని."

మాస్టారు నవ్వలేదు. అక్కడికక్కడే షరతులు కుదిరాయి. చుట్టుకొలత, వైశాల్యం పాఠాన్ని ఎ సెక్షన్‌కు ఎప్పటిలాగే చెబుతారు. బి సెక్షన్‌లో ప్రశ్న బోర్డు మీద రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, వెనక బెంచీలో కూర్చుంటారు. గంట మోగేదాకా పెదవి విప్పరు. ఆ తరువాత రెండు సెక్షన్లకూ ఒకే కొత్త ప్రశ్న. ఎవరి కాగితమో తెలియకుండా ఆవిడ దిద్దుతుంది.

"మీరు ఓడిపోతే?"

"రెండు సెక్షన్లలోనూ వెనక బెంచీయే."

అన్నాక ఆయనకు తట్టింది, అప్పుడిక తాను మాట్లాడే చోటంటూ ఉండదని. కాని షరతు షరతే.

ఎ సెక్షన్‌లో పాఠం పూలరథంలా సాగింది. ప్రహరీ పొడుగ్గా, సన్నగా కట్టుకుని, చివరికి లోపల కాళ్లు చాపుకునే చోటు లేకుండా చేసుకున్న పెద్దమనిషి కథ చెప్పారు. క్లాసంతా నవ్వింది.

బి సెక్షన్‌లో బోర్డు మీద రాశారు: చుట్టుకొలత మారకుండా వైశాల్యం మారగలదా? వెళ్లి వెనక కూర్చున్నారు. పిల్లలు తలలు తిప్పి చూశారు.

"రేడియోలో బ్యాటరీ అయిపోయిందిరా," అన్నారెవరో. కిసుక్కుమన్నారు. తరువాత ఆ నవ్వూ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఆయనకు బాగా తెలిసినదే, ఇంట్లో ఉండేదే. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు. పెద్దమనిషి కథ నాలుక చివరికి వచ్చి నిలబడింది.

చివరికి రెండు జడల పిల్ల వంగి బూటు తాడు ఊడదీసింది. కొసలు ముడేసి, పక్కపిల్ల వేళ్లకూ తన వేళ్లకూ తగిలించి నలుచదరంగా పట్టింది.

"ఇటు లాగవే."

"తెగుతుందే!"

"తెగదులే, లాగు. చూశావా, తాడు అదే. లోపల చోటే లేకుండా పోయింది."

"అయితే నలుచదరంగా పడితేనే ఎక్కువన్న మాట."

"గుండ్రంగా పడితే?"

ఇన్నేళ్లలో ఆయన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. జవాబు ఆయన దగ్గర ఉంది. నోరు తెరిచారు. మూశారు.

"గుండ్రంగా పట్టడానికి వేళ్లు చాలవే."

"గళ్ల కాగితం మీద పరిచి గళ్లు లెక్కపెడదాం."

క్లాసంతా వెనక్కి వచ్చింది, వెనక బెంచీ వెడల్పుగా ఉందని. "కాస్త జరగండి సార్," అన్నాడొకడు, ఆయన ముఖం చూడకుండానే. మాస్టారు జరిగారు. గంట మోగినా ఎవరూ లేవలేదు.

పరీక్ష ప్రశ్న ఇది: కాగితం మూల నుంచి చిన్న చదరం కత్తిరించి తీసేస్తే చుట్టుకొలత తగ్గుతుందా? కారణం రాయండి.

ఎ సెక్షన్ కాగితాల్లో ఆయన వాక్యాలే ఉన్నాయి, చక్కటి దస్తూరిలో, పెద్దమనిషి కథతో సహా. చుట్టుకొలత తగ్గుతుందని దాదాపు అందరూ రాశారు. బి సెక్షన్‌లో కొట్టివేతలూ, వంకర బొమ్మలూ ఉన్నాయి; తగ్గదని సగం మందికి పైగా రాశారు. కత్తిరించినప్పుడు పోయిన రెండు అంచులకు బదులు అంతే పొడవున్న రెండు కొత్త అంచులు వచ్చాయని కారణమూ రాశారు.

దిద్దడంలో పొరపాటేమైనా జరిగిందేమోనని మాస్టారు కాగితాలన్నీ మళ్లీ చూశారు. దొరకలేదు.

"బావగారూ, ఆదివారం మా ఇంటికి రండి. ఎంతసేపైనా చెప్పండి, నేను మధ్యలో మాట్లాడను," అంది మరదలు.

"నువ్వా?" అన్నారు మాస్టారు.

ఆదివారం ఆయన వెళ్లలేదు.

సోమవారం ఎ సెక్షన్‌లో ప్రశ్న రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, వెనక బెంచీలో కూర్చున్నారు. కాసేపటికి పిల్లలు వాదించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల గొంతులు గోడ అవతలికి వినబడ్డాయి. సాయంత్రం ఇంటికి వెళ్లి తాళం తీశారు. ఆ రోజు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.