గచ్చు మీద గీత

ఆ ఉదయం చేయవలసిన పనులు చీటీ మీద రాసుకున్నాను. గచ్చు మీద రాలిన పత్తి ఊడ్వాలి. చక్రాలు గీసిన గీతను నూలుదారంతో కొలవాలి, ఉత్తరానికి ఎంత, పడమరకు ఎంత. రెండు బండ్ల మీదా ఎంత బరువుందో కనుక్కోవాలి. పదింటికి మేనేజరు గదిలో ఉండాలి.

అది 1953. సింగానల్లూరు దగ్గర మా మిల్లులో, ముందురోజు, రెండు తోపుడు బండ్లు గోడౌను మూలలో గుద్దుకున్నాయి. అయ్యసామి మామ బండి ఉత్తరానికి పోతోంది, వేలుసామి బండి పడమరకు. కొక్కేలు చిక్కుకుని రెండూ ఒక్కటై ఐమూలగా జారి గోడను తాకాయి. మధ్యలో నలిగి వేలుసామి చనిపోయాడు. మామ బండిని పరిగెత్తించాడా అన్నదే విచారణ. అవునని తేలితే పని పోతుంది, చావూ ఆయన నెత్తిన పడుతుంది.

మా వీధిలో బి.ఎస్సీ. చదివింది నేనొక్కడినే. అందుకని మేనేజరు కృష్ణరాజ్ నన్ను పిలిపించారు.

మామ ఆ గీత పక్కనే కూర్చుని ఉన్నాడు.

"ఏమి అల్లుడా, దారం పట్టుకోని వచ్చిండావు? నాకు చొక్కా కుట్టిస్తావా?" అని, తనే నవ్వలేకపోయాడు. "నేను పరిగెత్తలేదప్పా. మనిషికి ఒక పత్తి బేలు కదా ఎప్పుడూ? నిన్న మనుషులు తక్కువని నాకు రెండెక్కించిరి. వేలుసామికి ఒకటే. నిలిపితే నిలవలేదు."

"ఎక్కించేది ఎవురన్నా చూసిరా మామా?"

"చూసినోడు పోయినాడు కదరా."

ఆ బేళ్లను అప్పటికే విప్పి మిషన్లో వేసేశారు. గీత కొలిచాను. ఉత్తరానికి ఎనిమిది అడుగులు, పడమరకు నాలుగు. చిక్కుకుని జారే బండ్లు ఊపు ఎక్కువున్న వైపే మొగ్గుతాయి. బరువును వేగంతో హెచ్చిస్తే వచ్చేది ఆ ఊపు. కాలేజీలో మొమెంటం అంటారు. అది బరువు వల్ల పెరిగిందా, వేగం వల్లనా అన్నది గీత చెప్పదు.

"ఎవరి బండికి ఊపు ఎక్కువ తంబీ? అది మాత్రం చెప్పు" అన్నారు మేనేజరు.

"అయ్యసామి బండికి సార్. రెండింతలు."

"రెండింతల వేగం" అని రాసుకుని, కాగితం నా ముందుకు తోశారు. సంతకం పెట్టి, తర్వాతి ప్రశ్న కోసం నిలబడ్డాను. కాలేజీలో అయితే బరువెంత అని తప్పక అడిగేవారు. అడిగినదానికే జవాబు చెప్పడం నేర్చుకున్నవాణ్ని నేను. ఆయన అడగలేదు. "సరి, పో" అన్నారు. వచ్చేశాను.

మర్నాడు పూర్తి లెక్క రాసుకుని వెళ్లాను: బరువే రెండింతలైతే వేగం ఇద్దరిదీ ఒకటే. ఆయన తలెత్తలేదు. "కొలత నీదే కదా తంబీ? సంతకమూ నీదే."

మామ పని పోయింది. "పరిగెత్తించి నా బిడ్డను చంపినోడి ఇంటి బిందె నా బిందెకు తగలకూడదు" అని వేలుసామి తల్లి పళనియమ్మాళ్ కుళాయి దగ్గర మామ భార్యను నిలదీసింది. నెల తిరగకముందే వాళ్లు కారమడైకి వెళ్లిపోయారు. మూట ఎత్తుకుంటూ మామ నాతో, "నీ లెక్క తప్పు కాదంట కదరా. మంచిది" అన్నాడు.

నేను లెక్క సగమే చెప్పాను. మిగతా సగం మీకు చెబుతున్నాను. అయ్యసామి మామను గుర్తుంచుకోండి. ఆయన ఆ రోజు నడిచే వచ్చాడు.