పదహారు ఊళ్ళ మట్టి

బొమ్మలు వేసే ఆవిడ బడిలో మాట్లాడుతుందని తెలిసి రాయమల్లు కిరాణా షట్టరు సగం దించి బయలుదేరాడు. బొమ్మల మీద ప్రేమ కాదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని తవ్విపోసిన మట్టిగుట్ట వాళ్ళ ఊరు పెద్దబోడుకు కిలోమీటరు దూరంలో ఆగి ఉంది. అది ఇటు కదులుతుందో లేదో తెలియక, దుకాణం మీద రేకులు తీసి స్లాబు వేయాలా వద్దా అన్నది ఆయనకు రెండేళ్ళుగా తేలడం లేదు. ఇలాంటి ఊరికి కొత్త మనిషి ఊరికే వస్తుందా?

తలుపు దగ్గరే బల్ల, దానిమీద కాగితం, పెన్ను. వచ్చినవాళ్ళు సంతకం చేయాలట.

రాయమల్లు అక్కడే ఆగిపోయాడు. పక్కనున్న తాళ్ళబోరులో ఎవరో ఇలాగే మీటింగు పెట్టి, చాయ్ పోసి, హాజరు అని సంతకాలు తీసుకున్నారు. ఆరు నెలలకు అవే సంతకాలు భూములిస్తామన్న ఒప్పుకోలుగా బయటికొచ్చాయి. ఇప్పుడక్కడ ఊరు లేదు, గుంత ఉంది.

"ఎవ్వలు ముట్టకుండ్రి! సారక్కవ్వా, పెన్ను కింద పెట్టు."

"నాకు సంతకం ఎక్కడొస్తదిరా? వేలిముద్ర డబ్బా కోసం చూస్తున్న."

"గది ఇంకా డేంజరు."

అందరూ నవ్వారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ చిత్రకారిణి, దీప, కూడా నవ్వింది. "నాకు ఖర్చులిచ్చినోళ్ళకు చూపెట్టాలె కాకా, ఇంతమంది వచ్చిండ్రని. అంతే."

"తాళ్ళబోరుల గూడ గిట్లనే చెప్పిండ్రు."

ఆమె గోడ పొడుగునా కాగితాలు అంటించింది. ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద, ఒకటి పసుపు. అన్నీ మట్టే. ఊరికో దోసెడు అడిగి తెచ్చి, నూరి, జల్లించి, జిగురు కలిపి పూస్తుందట.

"మా తాత బెల్లంపల్లిల బొగ్గు బాయి పని చేసెటోడు. ఇంటికి రాంగనే మా అమ్మమ్మ ఆయన కాళ్ళ బురద చూసి, ఆ పూట ఏ బాయిల దిగిండో చెప్పేది. నా బొమ్మలన్ని ఆమె చూపుల నుంచే వచ్చినయ్."

సారక్క కరిగిపోయింది. "నా పొయ్యి కాడి మట్టి ఇస్త బిడ్డా."

రాయమల్లు కరగలేదు. మట్టి శాంపిలు పట్టుకెళ్ళేది బొగ్గు కోసం బోరు వేసేవాళ్ళని ఆయనకు తెలుసు. గోడ మీది కాగితాలు లెక్కపెట్టాడు.

"పదహారు. వీటిల ఎన్ని ఊళ్ళున్నయ్ ఇప్పుడు?"

దీప గోడ వైపు చూసి చెప్పింది. "ఐదు."

"అంటే నువ్వు అడుగుపెట్టినంక పదకొండు ఊళ్ళు పోయినయ్."

"కాదు కాకా! పోతదన్న ఊరికే నేను పోత. పోయినంక ఆ మట్టి దొరకదు గదా."

అన్నాక గానీ తానేమందో ఆమెకు తెలియలేదు.

"మరి మా ఊరికెందుకొచ్చినవ్?" అన్నాడు రాయమల్లు.

"మీకు తెలుసనుకున్న..."

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"పోయే ఊళ్ళ లిస్టున్నది. నా సెల్లుల. నమ్మి ఇచ్చిండ్రు, బయటపడితే వాళ్ళ నౌకరి పోతది."

రాయమల్లు బేరం మొదలుపెట్టాడు. "నీకు మట్టి గావాలె, సంతకాలు గావాలె. రెండూ ఇప్పిస్త. కాగితం మీద 'బొమ్మల ముచ్చట విన్నందుకే' అని నేనే రాస్త. లిస్టు ఇచ్చినోళ్ళ పేరు మాకొద్దు. ఊరు, ఖాళీ చేయించే నెల చూపెట్టు, చాలు."

దీప సెల్లు తీసి లిస్టు తెరిచింది. తర్వాత పేరున్న పై వరస బొటనవేలితో కప్పి ముందుకు చాచింది.

"ఏమున్నది కొడుకా? గట్టిగ సదువు," అంది సారక్క.

"పెద్దబోడు. వచ్చే జూన్." చదివాడు రాయమల్లు. స్లాబు సంగతి తేలిపోయింది.

దీప కాగితాలు ఊడదీయడం మొదలుపెట్టింది. ఆయన ఒక కుర్చీ లాక్కొచ్చి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"ఎటు పోతవ్? ఆ పదకొండు ఊళ్ళోళ్ళు ఎక్కడ మోసపోయిండ్రో, ఏం చేసుంటే బాగుండునో నువ్వు దగ్గరుండి చూసినవ్. చెప్పు."

"నాకు బొమ్మల గురించే తెలుసు కాకా."

"గది అయిపోయింది. ఇగ ఊళ్ళ గురించి మాట్లాడు. మొదటి కాగితం నుంచి."