నీళ్లొచ్చినయా అని అడిగే ప్రోగ్రాం

నేను గనిలో గంట కొడితే రామగుండం స్టేషన్లో రైలు బయలుదేరేది. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు, మా మనుమరాలు ఎవాంజెలిన్ చిన్నప్పుడు నమ్మింది. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగించే చోట నాది గంట కొట్టే డ్యూటీ. నేనెన్ని కొడితే పైనున్న ఇంజన్ మనిషి తిరిగి అన్నే కొట్టాలి. అదే మోత తిరిగి రాకపోతే తాడు కదలదు. ఆ మాట మా ఇంట్లో అందరూ అన్నంతోపాటు తిన్నారు.

ఇవాళ మధ్యాహ్నం ఎవాంజెలిన్ చదివే పాలిటెక్నిక్‌కి ఒక కంపెనీవాళ్లు వచ్చేది ఉంది. సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం నడిపి చూపిస్తేనే శిక్షణలో చోటు. అడిగే ప్రోగ్రాం, అంటే క్లయింట్, ఎవాంజెలిన్‌ది. జవాబిచ్చే సర్వర్ ఆమెతో చదివే పక్క క్వార్టర్ సంపత్‌ది. కాలనీకి నీళ్లొచ్చినయా అని ఇది అడగాలి, అది చెప్పాలి. మా వరండాలో చెరో ల్యాప్‌టాప్ ముందు పొద్దుటినుంచీ కొట్లాట.

"నీ సర్వరే సక్కగలేదు. కనెక్ట్ అయితంది, అంతట్లనే తెగిపోతంది!" అంది ఎవాంజెలిన్.

"నీ ప్రశ్న నాకొచ్చింది, జవాబు పంపిన. నువ్వే బంద్ చేస్తున్నవ్," అన్నాడు సంపత్.

"మీ ఇద్దర్ని గనిల దించితే బొగ్గంతా లోపల్నే ఉంటది," అన్నాను.

"నువ్వాగు తాతా! సంపత్, ఏం పంపినవ్?"

"వచ్చినయ్ అని."

ఆమె చెయ్యి ఆగింది. వచ్చిన జవాబును ముందు తెరమీద చూపించమని ఒక వరుస చేర్చి మళ్లీ నడిపింది. 'వచ్చినయ్' అని పడింది. ఆ వెంటనే కనెక్షన్ తెగింది.

"అయ్యో, తప్పు నాదే! జవాబు నా ప్రశ్న లెక్కనే ఉందా అని చూస్తున్న. లేకుంటె బంద్ చెయ్యమని రాసిన."

"మంచిగనే రాసినవ్ గదా. మోత తిరిగి రావాలె," అన్నాను.

"నీళ్లొచ్చినయా అని నేనడిగి, నీళ్లొచ్చినయా అని సంపతూ అడిగితె, బిందె ఎప్పుడు పెట్టాలె తాతా?"

సంపత్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. జవాబును ప్రశ్నతో పోల్చే ఆ వరుసను ఆమె తీసేసింది. ఏ జవాబూ రాకపోతేనే ఆపెయ్యమని రాసి నడిపింది. 'వచ్చినయ్' అని వచ్చింది, ఈసారి కనెక్షన్ తెగలేదు.

"జల్ది పా, బస్సు పోతది!" అని సంపత్ లేచాడు.

సాయంత్రం ఎవాంజెలిన్ ఫోన్ చేసింది. "తాతా, కంపెనీ సారు సొంత సర్వర్ పెట్టి నన్ను అడగమన్నడు. 'ఇంకా రాలేదు' అని జవాబొచ్చింది. మా ఇద్దర్నీ వచ్చే నెల నుంచి రమ్మన్నరు!"

అప్పుడే బయలుదేరి టీ కొట్టుకు పోయాను. పెన్షనర్లంతా అక్కడే ఉన్నారు. టీ మొదటి గుక్కకు, నేను చెప్పే కథలో ఆ సారు లేచి నిలబడి మా పిల్లకు తన కుర్చీ ఇచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు, ఆమె రాకముందు ఆ కంపెనీ కంప్యూటర్లకు మాటలే రావని కూడా తేలింది. రేపు చెప్పేటప్పుడు ఆయన్ని మా క్వార్టర్‌కి భోజనానికి తీసుకొస్తాను.